సాలూరు కొండలలో గెడ్డ దారి

కార్తికమాసము వచ్చినదనగా సాలూరు పట్టణమున వనభోజనముల మాట మొదలగును. పులిహోర, దద్ధోజనము మూటలు కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని జనులు పడమటి కొండల వైపు బయలుదేరుదురు. లొద్ద, దళాయివలస, శిఖపరువు అను జలపాతముల పేర్లు ఆ ప్రాంతమున చిన్నపిల్లలకు సైతము తెలిసినవే. వీనిలో ఏదియు లోకప్రసిద్ధి పొందినది కాదు. కొండమీది గెడ్డ ఒకటి రాతిమీదుగా క్రిందికి దుముకును; దాని క్రింద మడుగు; మడుగు చుట్టును చెట్ల నీడ. పోవు దారి కష్టమైనది కాదు. చేతికఱ్ఱ పట్టుకొన్న ముసలివారును, తల్లి చేయి పట్టుకొన్న పిల్లలును నడువగల దారి.

అట్టి దారిన ఒక కార్తిక ఆదివారమునాడు నేనును నడచితిని. గంటలోపు నడక. ఇందులో చరిత్ర యేమున్నది, ప్రసంగమునకు తగిన విషయ మేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. కోటలు లేవు, శాసనములు లేవు, శిథిలములు లేవు. కాని కొండకును మైదానమునకును నడుమనున్న ప్రతి కాలిబాటయు ఒక చరిత్ర పుటయే. ఆ బాటను ఎవరు నడచిరి, ఏమి మోసికొని నడచిరి, ఎవరు ఆపిరి, ఎవరు పడిపోయిరి అని అడిగినచో, ఈ గంట నడకలో రెండు శతాబ్దముల కథ ఇమిడియున్నది.

మొదట నీటి మాట చెప్పెదను. సాలూరు వేగావతీ తీరమున, తూర్పు కనుమల పాదమున వెలసిన పట్టణము. దానికి ఎగువనున్న కొండలు పోయి పోయి కొరాపుట్టు పీఠభూమిలో కలియును. అచ్చటనే 1,672 మీటర్ల ఎత్తున దేవమాలి శిఖరము కలదు. నేటి ఒడిశా రాష్ట్రమున అంతకంటె ఎత్తైన శిఖరము లేదు. ఈ కొండలలో కురిసిన వాన వందలాది గెడ్డలై దిగును. గెడ్డయనగా మన ఉత్తరాంధ్రమున కొండవాగు. ఆ గెడ్డలు కొన్ని వేగావతిలో, కొన్ని సువర్ణముఖిలో చేరును. ఆ రెండు నదులును సంగాము గ్రామమువద్ద నాగావళితో కలియును. నాగావళి శ్రీకాకుళము మీదుగా పోయి కళ్లేపల్లివద్ద సముద్రమును చేరును. కాబట్టి జలపాతము క్రింద మన పాదములు తడిపిన నీరే కొలదిదినములకు శ్రీకాకుళము వంతెన క్రిందుగా పోవునన్నమాట.

ఆ నీరు దుముకు రాతికిని ఒక కథ కలదు. ముదురు ఎరుపు, బూడిద కలసిన రంగు; దగ్గరగా చూచినచో గార్నెట్టు రవ్వలు ఎఱ్ఱగా మెఱయును. తూర్పు కనుమలలో విస్తారముగా నున్న ఈ జాతి రాతికి 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఖొండలైటు అని పేరు పెట్టెను. ఈ కొండలలో నివసించు ఖోందు జనుల పేరే ఆ రాతికి పేరైనది. పూరీ జగన్నాథాలయమునకును, కోణార్క సూర్యాలయమునకును వాడినది ఈ జాతి రాయియే. సింహళమునను, కేరళమునను ఇదే జాతి రాయి కలదు. ఒకానొక కాలమున మన తూర్పు కనుమలతో కలసియుండిన అంటార్కిటికా ఖండమున సైతము దీని చుట్టములు మంచు క్రింద నున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. భూమి కథ చదువువారందరి నోటను ఒక కొండజాతి పేరు పలుకుచున్నది. ఆ జాతి కథ చదివినవారు మాత్రము అరుదు.

నాకు దారి చూపినవాడు ఆ ప్రాంతపు కొండదొర. అరువది దాటిన వయస్సు. నేను ఆయనను పెద్దయ్యా అని పిలిచితిని. ఆయన నన్ను బాబూ అని పిలిచెను. చెట్టు చెట్టుకును ఆగి పేరు చెప్పెను. ఇది గుగ్గిలము, కొయ్య ఇంటికి, బంక ధూపమునకు. ఇది ఇప్ప, పువ్వు తిండికి, గింజ నూనెకు. ఇది అడ్డతీగ, దీని ఆకులే మన పెండ్లి భోజనములలో విస్తళ్లగును. అది కొండచీపురు, ఇది కరక్కాయ, అది జీలుగు చెట్టు. చింతచెట్లయితే చెప్పనక్కరలేదు. మనము అడవి యనుకొన్నది ఆయనకు కొట్టుగది, పొలము, వైద్యశాల. నడుమ ఒకచోట చెట్లు నరికి కాల్చిన వాలు కనబడినది. అది పోడు. అందులో చోడి, సామ, కంది కలిపి వేయుదురు. కంది పంట చేతికి వచ్చినప్పుడు కొండ గ్రామములలో కందికొత్తల పండుగ జరుగును.

ఇంతకును ఆ బాట ఎందులకు పుట్టినది? వనభోజనములకు కాదు. ఉప్పు కొఱకు పుట్టినది.

కొండమీద చింతపండు కలదు, ధాన్యము కలదు, పసుపు కలదు, తేనె కలదు. ఉప్పు లేదు. ఉప్పు సముద్రతీరముననే పండును. కనుక నీరు కొండనుండి సముద్రమునకు దిగు దారినే, ఉప్పు సముద్రమునుండి కొండకు ఎక్కవలసి వచ్చినది. ఈ పని బ్రింజారీలు చేసిరి. వారినే మనము లంబాడీలందుము. ఎద్దుల మందలమీద పెఱికెలు వేసికొని, క్రిందినుండి ఉప్పు ఎక్కించి, పైనుండి ధాన్యము దించిరి. బస్తరు, జయపురము సీమల సరకు ఈ కనుమలగుండ దిగి సాలూరు చేరెను. కొండజనులు కావిళ్లమీద తెచ్చిన చింతపండు, కరక్కాయ సంతలో పెట్టి, ఉప్పును, గుడ్డను కొనిపోయిరి. 1805లో కుంపినీవారు మదరాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చిరి. నాటినుండి, సముద్రమును ఎన్నడును చూడని కొండవాడు సైతము తాను తిను చిటికెడు ఉప్పులో దొరతనమువారికి పన్ను కట్టినవాడాయెను.

దారి యున్నచోట ద్వారపాలకు డుండును. ఎగువ సీమ జయపురపు రాజులది. వారి తొలి రాజధాని నందపురము. పదునేడవ శతాబ్దమున జయపురమునకు మారిరి. సాలూరు, పాచిపెంట మున్నగు కొండ పాదపు జమీందారీలు వారికి లోబడిన పాలెములుగా మొదలైనవి. సాలూరునకు సమీపముననున్న పాచిపెంట ప్రభువులకు దక్షిణ కవాట యువరాజు అను బిరుదు కలదు. కవాటమనగా తలుపు. జయపుర రాజ్యపు దక్షిణపు తలుపు వారి చేతిలో నున్నదని అర్థము. ఒక్క బిరుదములో ఆ కనుమ విలువ యంతయు తెలియును.

తరువాత విజయనగరపు పూసపాటివారు బలవంతులై ఈ చిన్న జమీందారులను అణచిరి. 1794 జులై 10వ తేదీన పద్మనాభయుద్ధమున చిన విజయరామరాజు కుంపినీ సేనల చేత పడిపోయిన పిదప, కుంపినీవారు కొండ పాదపు జమీందారులను పెక్కుమందిని తిరిగి వారి వారి స్థానములలో నిలిపిరి. 1802లో శాశ్వత పరిష్కారము వచ్చినది. పేష్కషు నిర్ణయమైనది. కొండమీద ఎవరి పోడు ఎచ్చటివఱకు, ఎవరి చెట్టు ఎవరిది అను ప్రశ్నలు మాత్రము ఆ కాగితములకు ఎక్కలేదు.

కాగితములకు ఎక్కని ప్రశ్నలు ఏదో యొకనాడు వీధికెక్కును. 1832 మొదలు గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలలో తిరుగుబాట్లు చెలరేగెను. రస్సెల్ అను అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపిరి. ఆయన సిఫారసు ననుసరించి 1839లో 24వ చట్టము పుట్టినది. సాధారణ న్యాయస్థానముల అధికారము ఈ కొండలకు లేకుండ చేసి, కలెక్టరునే గవర్నరుగారి ఏజెంటుగా నియమించిరి. నాటినుండి ఈ సీమకు ఏజెన్సీ యను పేరు వచ్చినది. నేటికిని మన నోట ఆ మాట పోలేదు. సాలూరు తాలూకాలో మైదానపు భాగ మొకటి, ఏజెన్సీ భాగ మొకటి ఏర్పడినవి. 1863లో జయపురమున అసిస్టెంటు ఏజెంటును, పోలీసులను నెలకొల్పిన తరువాత, ఎద్దుల బాట క్రమముగా బండ్ల బాట యాయెను. కొండలను చుట్టి కనుమ రోడ్డు వేసిరి. 1882లో మదరాసు అటవీ చట్టము వచ్చినది. రిజర్వు చేసిన అడవులలో నిన్నటివఱకు కొట్టుగదిగా నున్న చోట నేడు చెట్టు ముట్టుకొనుట నేరమాయెను.

శ్రోతలు ఇచ్చట కొంచెము నిలువవలెను. నడకలో నేనును ఇట్టిచోటనే నిలిచితిని. గెడ్డ ధ్వని వినబడుచున్నది, జలపాత మింకను కనబడలేదు. దారి ప్రక్కన వెదురు పొద. ఆ వెదురును చూచినప్పుడు నాకు కొర్ర మల్లయ్య జ్ఞప్తికి వచ్చెను.

కొర్ర మల్లయ్య కొండదొర. పాచిపెంట సీమలోని కొర్రవానివలస ఆయన గ్రామము. 1900 సంవత్సరమున తనకు దైవావేశము కలిగినదని ఆయన ప్రకటించెను. ఏజెన్సీ నలుమూలలనుండి నాలుగైదువేల జనము ఆయన చుట్టును చేరెను. మొదట అది భక్తుల శిబిరము మాత్రమే. ఏప్రిల్ మాసమున మాట మారినది. తాను పంచపాండవులలో ఒకని అవతారమనియు, తన పసికుమారుడు శ్రీకృష్ణుడనియు, ఇంగ్లీషువారిని వెడలగొట్టి తానే రాజ్యము చేసెదననియు ఆయన చెప్పెను. తుపాకు లెక్కడివని అడిగినవారికి సమాధానము సిద్ధముగా నుండెను: వెదుళ్లు నరుకుడు, అవియే తుపాకులగును, సర్కారువారి ఆయుధములు నీరగును. వెదుళ్లు నరికిరి, తుపాకుల రూపున చెక్కిరి, వానిని పట్టుకొని కవాతు చేసిరి.

పాచిపెంటను దోచెదమని శిబిరమునుండి కబురు పోయెను. మే 1వ తేదీన సంగతి విచారింప వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను జనము కొట్టి చంపిరి. మే 7వ తేదీ తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్టణము, పార్వతీపురము, జయపురములనుండి రప్పించిన పోలీసులతో శిబిరముమీద పడెను. జనము ఎదిరించిరి. పోలీసులు కాల్చిరి. తుపాకులు నీరు కాలేదు. పదునొకండుగురు చనిపోయిరి. అరువదిమందిమీద దొమ్మీ కేసు నడిచెను. కానిస్టేబుళ్ల హత్యకై మల్లయ్యతో కలిపి ముగ్గురిపై విచారణ జరిగెను. మల్లయ్య చెఱసాలలోనే మరణించెను. తక్కిన ఇద్దరిని ఉరితీసిరి. శ్రీకృష్ణుడనబడిన ఆ పసివాడును చనిపోయెను.

ఈ కథ మనకు తెలిసినది 1907లో ఫ్రాన్సిస్ దొర కూర్చిన జిల్లా గెజెటీరువంటి గ్రంథముల వలన. అందు ఇది కొన్ని వాక్యములు మాత్రమే. వ్రాసినవారు సర్కారువారు. కాల్చిన పక్షము వ్రాసిన కథ ఇది. చనిపోయిన పదునొకండుగురి పేర్లు అందు లేవు. వారు ఏ గ్రామములవారు, దేనికై అచ్చట చేరిరి, చెట్టు పోయినదనియా, పోడు పోయినదనియా, అప్పు పెరిగినదనియా అను మాట అందు లేదు. మూఢులు, ఉన్మత్తులు అని చెప్పి కథ ముగించుట సులభము. చరిత్రకారుడు అంతటితో తృప్తిపడరాదు. చచ్చిన కానిస్టేబుళ్లును ఎవరో తల్లుల కుమారులే. వారి ప్రాణములను తేలికచేసి మాటాడుటయు తగదు. కాని నాలుగైదువేలమంది ఇల్లు వాకిలి విడిచి వెదురు కఱ్ఱను నమ్ముకొన్నారనగా, వారికి నమ్ముకొనదగినది వేరొకటి మిగులలేదని అర్థము.

మఱియు ఈ నమ్మిక మన కొండలలోనే పుట్టి చచ్చినది కాదు. సరిగా ఆ మాసములలోనే రాంచీ సీమలో బిర్సా ముండా జనులు తిరుగబడియుండిరి. బిర్సా 1900 జూన్ 9వ తేదీన రాంచీ చెఱసాలలో మరణించెను. అయిదేండ్ల తరువాత తూర్పు ఆఫ్రికాలో, జర్మనుల పాలనలోనున్న జనులు, మంత్రించిన నీరు త్రాగినచో తుపాకిగుండ్లు నీరగునని నమ్మి యుద్ధమునకు దిగిరి. మాజీ యనగా వారి భాషలో నీరు. 1905 మొదలు 1907 వఱకు జరిగిన ఆ తిరుగుబాటునకు మాజీ మాజీ యనియే పేరు. సాలూరు కొండలలో ఒకనాడు వినబడిన మాట సముద్రముల కావల వేరొక జాతి నోట వినబడినది. ఒకరినొకరు ఎరుగరు. తుపాకి యెదుట వట్టి చేతులతో నిలిచినవారికి అంతటను ఒక్కటే కోరిక కలిగినది.

కొండదొరలలో కొందరు తమది పాండవకుల మని చెప్పుకొందురు. రాజ్యము పోయి అడవులపాలైన పాండవులు వారికి పురాణపురుషులు మాత్రమే కాదు, తమవంటివారు. పదమూడేండ్లు గడువగా రాజ్యము తిరిగి వచ్చిన కథ మనము పండుగనాడు వినెదము. మల్లయ్య జనులు దానిని తమ యెదుట జరుగబోవు సంగతిగా వినిరి.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పెదను. 1913లో సాలూరునకు రైలు వచ్చినది. 1917లో ఏజెన్సీ భూములు పరుల చేతికి పోకుండుటకు మదరాసు ప్రభుత్వము చట్టము చేసెను. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు పేరు దక్షిణపు మన్యమున మ్రోగెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు జయపురపు సీమ అటు పోయినది, సాలూరు ఇటు నిలిచినది. కవాటము సరిహద్దాయెను. ఆ సరిహద్దుమీది కొఠియా గ్రామముల వివాదము 1968లో సుప్రీంకోర్టునకు ఎక్కి, 2006లో దావా కొట్టివేయబడినను తెగలేదు. 1948 చట్టముతో జమీందారీలు పోయినవి. 1959లో ఏజెన్సీ భూముల బదలాయింపు నిబంధన వచ్చినది. 1967 మొదలు శ్రీకాకుళపు కొండలలో గిరిజనోద్యమము రగిలిన పిమ్మట, 1970లో అది మఱింత బిగువైనది. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చినది. మల్లయ్య శిబిరముమీద కాల్పులు జరిగిన నూటయారేండ్లకు, అడవిలో బ్రతుకువానికి అడవిమీద హక్కు కలదని శాసనము ఒప్పుకొన్నది.

పట్టణమును మారినది. ఎద్దుల మందలు నడచిన కనుమలోనే 26వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. సాలూరు లారీల ఊరాయెను. పూర్వము పెఱికె యెద్దు చేసిన పని నేడు లారీ చేయుచున్నది. శ్రీకాకుళము జిల్లాలో నుండిన సాలూరు 1979లో విజయనగరము జిల్లాలోనికి, 2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లాలోనికి వచ్చినది. జిల్లాల పేళ్లు మారినవి. గెడ్డ మాత్రము తన దారిననే దిగుచున్నది.

ఇక జలపాతము. మలుపు తిరుగగనే కనబడినది. వర్షాకాలపు ఉద్ధృతి లేదు. తెల్లని నీరు రెండు పాయలై రాతిమీదుగా జారుచున్నది. పిల్లలు మడుగులో కేరింతలు కొట్టుచున్నారు. ఒక ప్రక్క అడ్డాకు విస్తళ్లలో భోజనములు. ఇంకొక ప్రక్క, చెప్పుటకు సిగ్గగుచున్నది, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్కు సంచులు. నేను రాతిమీద కూర్చుండి, ఎంత సులభమైన నడక పెద్దయ్యా, ఎంత హాయిగా నున్నది అంటిని.

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. పైకి చేయి చూపెను. జలపాతము ప్రక్కగా ఒక సన్నని బాట కొండమీదికి ఎక్కుచున్నది.

"మీ నడక ఇక్కడికి అయిపోనాది బాబూ. మా ఊరు ఆ పైన. వానల్లో ఈ గెడ్డ పొంగితే దాటడానికి ఉండదు. ఒంట్లో బాగులేనోళ్లని డోలీ కట్టి ఇదే దారంట దించుతాం. కాన్పుకి ఆడకూతుర్నైనా అంతే. గెడ్డ ఎప్పుడు తగ్గుద్దా అని ఒడ్డున కూకుంటాం."

డోలీ యనగా ఒక బొంగుకు దుప్పటిని ఉయ్యెలగా కట్టి ఇద్దరు భుజముల మీద మోయుట. ఆ బొంగు వెదురుదే. 1900లో తుపాకి యగునని ఆశపెట్టిన వెదురు, నేటికిని ఈ కొండలలో పెక్కుచోట్ల రోగిని మోయుచున్నది. దొరతనములు మారినవి, చట్టములు వచ్చినవి, క్రింద రహదారి నల్లగా మెఱయుచున్నది. ఆ రహదారికిని కొండమీది ఇంటికిని నడుమ మిగిలిన ఈ కొన్ని మైళ్ల బాటయే తెగని కథ.

తిరుగుదారిలో నేను మల్లయ్య కథ ఆయనకు చెప్పితిని. ఆయన నడచుచునే వినెను. చివర ఒక్కటే అడిగెను: "ఆ పదకొండుమంది ఏ ఊరోళ్లు బాబూ?" నా వద్ద సమాధానము లేదు.

కార్తికమున మీరును సాలూరు పోయినచో తప్పక ఆ జలపాతములను చూడుడు. పిల్లలను తీసికొనిపొండు. నీరు చల్లగా నుండును, దారి సులభముగా నుండును. తెచ్చిన చెత్తను తిరిగి మోసికొనిపొండు. మడుగు లోతు తెలిసినవారిని అడుగక దిగవలదు. మఱియొక మాట. జలపాతము ప్రక్కగా పైకెక్కు సన్నని బాట కనబడినప్పుడు ఒక నిమిషము నిలిచి చూడుడు. ఉప్పు ఎక్కినది ఇట్టి బాటలనే. తుపాకులు నీరగునని నమ్మినవారు నడచినది ఇట్టి బాటలనే. మన నడక మడుగువద్ద ముగియును. కొందరి నడక అచ్చట మొదలగును.